విసుర్రాయి చప్పుడు చాటున

మా వదిన చనిపోయిన వార్త నాకు పత్తికొండలో, మంగలి కత్తి గొంతు మీద ఉండగా చేరింది. ఆ రోజు సంత. మా ఊరి బండి ఒకటి దారిన పోతూ ఉంది. తోలుతున్నవాడు నన్ను చూసి, ఎద్దులను ఆపకుండానే కేక వేశాడు.

"ఏమప్పా, ఈడ కూర్చొని గడ్డం గీయించుకుంటాండావా? ఆడ మీ వదిన పొద్దున్నే పాయె!"

బండి ముందుకే పోయింది. మంగలాయన కత్తి తీసి నా ముఖం వంక చూశాడు. "సగమే అయింది, కూర్చోప్పా" అన్నాడు. "తక్కిన సగం నీ దగ్గరే పెట్టుకో" అని లేచాను. చావు కబురు విన్నాక గడ్డం గీయించుకోకూడదని మాలో నియమం ఉంది. వినకముందే గీయించుకున్న సగం గురించి ఏ నియమమూ లేదు. ఆ సగం గడ్డంతోనే ఏడు మైళ్ళు నడిచి ఊరు చేరాను. వాకిట్లో ఇరవైమంది దాకా ఉన్నారు. నన్ను చూసి ఒక్కరూ నవ్వలేదు. నవ్వి, నాలుగు మాటలు అని, నన్ను కూడా నవ్వించే మనిషిని లోపల చాప మీద పడుకోబెట్టి ఉన్నారు.

ఆమె మా అన్న భార్య. అన్న పోయి ముప్పై ఏళ్ళు దాటింది. పిల్లలు లేరు. అన్నదమ్ములం పంచుకున్నప్పుడు ఉన్న ఒక్క ఇంటికీ నడుమ నాపరాళ్ళతో గోడ పెట్టి, మట్టి మెత్తి, చెరో సగం తీసుకున్నాం. గోడకు అవతల ఆమె విసుర్రాయి, ఇవతల నా నులకమంచం. పొద్దున్నే ఆమె జొన్నలు విసురుతుంటే నా మంచం కోళ్ళు అదిరేవి. "వదినా, నిద్ర పాడుచేస్తాండావు" అంటే, "నిద్రపోయి నువ్వు సంపాదించేదేముండాది మరిదీ, లేసి మేకకు నీళ్ళు పెట్టు" అనేది. మా వదినా మరుదుల సంభాషణ ముప్పై ఏళ్ళుగా చాలావరకు ఈ మాదిరే సాగింది.

మా వీధిలో విసుర్రాళ్ళు ఇంకా ఉన్నాయి. ఆమె రాయి వాటికంటే గొప్పదేమీ కాదు. పైరాయి అంచు ఒకచోట పెచ్చు లేచి ఉండేది. అయినా ఆడవాళ్ళు తమ ఇంట్లో రాయి ఉన్నా గింజలు చేటలో పోసుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. మా వీధివాళ్ళే కాదు, పక్క ఊళ్ళవాళ్ళు కూడా. అడిగితే "ఆమె రాయి మెత్తగా ఇసురుతాది" అనేవాళ్ళు. ఆ పిండితో చేసిన రొట్టెలు నేను ముప్పై ఏళ్ళు తిన్నాను. మెత్తదనం సంగతి నాకు తెలుసు.

వాళ్ళు వచ్చేది మాటకు. విసుర్రాయికి ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు, ఒకే పిడి ఇద్దరూ పట్టుకుంటారు. రాయి తిరుగుతుంటే ఆ చప్పుడులో ఒకరి మాట ఇంకొకరికి వినబడుతుంది గాని మూడోవాళ్ళకు వినబడదు. అత్త వాకిట్లో ఉన్నా, మొగుడు అరుగు మీద ఉన్నా, కడుపులో ఉన్నది చెప్పుకోవచ్చు. మా పల్లెల్లో ఆడదానికి తలుపు వేసుకుని మాట్లాడుకునే గది ఎక్కడుంది? ఆ చప్పుడే వాళ్ళకు తలుపు.

మా వదిన ఆ తలుపును కాపాడిన తీరు చెప్పాలి.

ఎదుటి మనిషి మాట్లాడుతుంటే ఆమె ముఖంలోకి చూసేది కాదు. కళ్ళు రాయి మీదే ఉండేవి. మాట ఆగితే తొందరపెట్టేది కాదు. పిడికెడు గింజలు రాతి నోట్లో పోసేది, అంతే. కరువు ఏడాదుల్లో కొందరు ఒట్టి చేతులతో వచ్చేవాళ్ళు. గింజలు లేకుండా రాయి తిరిగితే చప్పుడు వేరు, ఎవరో పళ్ళు కొరుకుతున్నట్టు ఉంటుంది. వీధి మొత్తానికి తెలిసిపోతుంది, ఫలానామె విసరడానికి రాలేదు, ఏడవడానికి వచ్చిందని. అందుకని మా వదిన రాయి పక్కన ఒక చిన్న కుండలో తన జొన్నలు ఎప్పుడూ ఉంచుకునేది. తాను అంబలి తాగి పడుకున్న రోజుల్లో కూడా ఆ కుండ ముట్టేది కాదు.

ఒకరు లేచిపోగానే రాయి చుట్టూ చీపురుతో ఊడ్చేది. కొర్రపిండా జొన్నపిండా అని తర్వాత వచ్చినామె చూసిందంటే, అంతకుముందు ఎవరు వచ్చిపోయారో ఊహించగలదు. ఏ ఇంట్లో ఏ గింజ ఉందో తెలియని ఆడవాళ్ళు మా ఊళ్ళో లేరు. దారిలో ఎదురైతే "ఎట్లుండాది ఇప్పుడు?" అని ప్రత్యేకంగా అడిగేది కాదు. అందరినీ పలకరించినట్టే వాళ్ళనూ "ఏం కూర చేసినావు?" అనేది. నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది ఇంకొకటి. ఒకరి దుఃఖాన్ని తీసుకొచ్చి ఇంకొకరికి ఓదార్పుగా పెట్టేది కాదు. "నీకన్నా పెద్ద కష్టం ఇంకొకామెకు వచ్చింది, తెలుసా" అని అనకుండా మనలో ఎవరైనా ఎవరినైనా ఓదార్చగలమా?

ఈ వివరాలన్నీ ఇతనికెట్లా తెలుసునని మీకు అనుమానం రావచ్చు. రావలసిందే. ఆ సంగతికే వస్తున్నాను.

ఆమెకు ఒక షరతు ఉండేది. కొత్తగా ఎవరు వచ్చినా, రాయి తిప్పకముందే, వీధికి వినబడేట్టు బాహాటంగా చెప్పేది.

"నువ్వు చెప్పేది నీ సొత్తు. నేను యాడా ఇప్పను. అయితే ఒకటి. నువ్వు సచ్చే మాట ఎత్తితే మాత్రం ఒక్కరికి చెప్తా. ఎవరికి చెప్పల్లనో నువ్వే చెప్పు. ఒక్క పేరు."

ఆ పేరు రాయి తిరగడం మొదలైన తర్వాత వాళ్ళు ఆమె చెవిన వేసేవాళ్ళు. తల్లి పేరో, చెల్లెలి పేరో. ఒకామె పేరు దొరక్క సగం గంపెడు జొన్నలు విసిరిందట. ఇది మాత్రం ఆమే నాతో చెప్పింది, ఎవరో ఏ ఊరో చెప్పకుండా.

మా ఊరి మిషను చర్చి ఉపదేశి ఒకసారి అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ ఆమెతో పరాచికమాడాడు. "అమ్మా, నా దగ్గర చెప్పుకుంటే ఆ మాట దేవునికి చేరతాది. నీ దగ్గర చెప్పుకుంటే యాడికి చేరతాది?"

"యాడికీ చేరదు నాయనా. అందుకే వస్తాండారు" అంది మా వదిన.

ఉపదేశి నవ్వి, ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాడు.

ఇప్పుడు నా సంగతి. నేను బడి ముఖం చూసినవాణ్ణి కాదు. పొగాకు చుట్టి ఇచ్చే పాత పత్రికల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అందువల్ల నాకు తెలిసిన కథల్లో చాలావాటికి మొదలు ఉండదు, లేదా చివర ఉండదు. ఆ ముక్కలో ఎవరో పొగాకు కట్టుకుపోయి ఉంటారు. లేని ముక్క నేనే కల్పించి చెప్పడం అలవాటయింది. చెబితే వినేవాళ్ళు దొరికారు. వినేవాళ్ళు దొరికిన మనిషికి కొత్త కథ లేకపోతే తోచదు. ఇంట్లో ఆ గోడ ఉంది. గోడలో దీపం పెట్టుకునే గూడు ఉంది. గూటి వెనక రాయి పలచన. చెవి ఆనిస్తే, పది మాటల్లో రెండో మూడో అందేవి.

మా వదినకు నా మీద అనుమానం లేకపోలేదు. ఒకసారి గోడ అవతలి నుంచే అరిచింది. "మరిదీ! గోడకు ఎడంగా పండుకో. నీ చెవుల్లో పిండి పడతాది!" అవతల ఎవరో కిసుక్కున నవ్వారు. నేను నిద్ర నటించాను. ఆ మాట ఆమె నవ్వుతూ అంది కాబట్టి నేనూ దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాను.

నాలుగేళ్ళ కిందటి మాట. కర్నూలు రాజధాని అయిన కొత్త. ఆఫీసులన్నీ డేరాల్లో నడుస్తున్నాయని, గాలి వస్తే ఫైళ్ళు ఎగిరి తుంగభద్రలో పడుతున్నాయని నేను ఊళ్ళో కథలు చెబుతుండేవాణ్ణి. మొదటి సగం నిజం. ఆ కొత్త కట్టడాలకు రాళ్ళు కావలసివచ్చి, ఓర్వకల్లు గుట్టల్లో రాళ్ళు కొట్టే పనికి మా పక్కనుంచి కూడా మనుషులు పోయారు. మా వీధి చివరింటి కోడలికి ఒక అన్న ఉండేవాడు. తల్లీ తండ్రీ లేరు, ఆ అన్న ఒక్కడే. అతను కూడా ఆ పనిలోనే ఉన్నాడు.

ఆ పిల్లకు ఇరవై ఏళ్ళుంటాయేమో. ఎడమచేతి వేళ్ళు రెండు వంగేవి కావు. తలుపు సందులో పడి నలిగాయని వాళ్ళింట్లో చెప్పేవాళ్ళు. తలుపు దానంతటదే పడిందా అని అడిగినవాళ్ళెవరూ లేరు, నాతో సహా. ఆ చెయ్యి వల్ల ఆమె విసరడంలో ఒక తేడా ఉండేది. నాలుగు చుట్లు తిప్పి ఆగేది, చెయ్యి మార్చుకునేది, మళ్ళీ నాలుగు చుట్లు. వీధిలో ఎవరు విన్నా, చూడకుండానే చెప్పగలిగేవాళ్ళు, చివరింటి పిల్ల విసురుతోందని.

ఆమె ఏం బాధ చెప్పుకుందో రాయను. నాకు అందింది కొంచెమే, ఆ కొంచెం కూడా నాది కాదు. ఊరందరికీ తర్వాత తెలిసిపోయిన దాన్ని మాత్రం రాస్తాను. మొదట్లో ఆ పిల్ల బావి మాట ఎత్తింది. మా వదిన ఒక్క పేరు అడిగితే అన్న పేరు చెప్పింది. తర్వాత రెండు నెలలు వచ్చి విసిరింది. వస్తూ వస్తూ బావి మాట వదిలి, వెళ్ళిపోయే మాటకు వచ్చింది. శివరాత్రికి మా ఊరి బండ్లు మహానందికి పోతాయి. వాటిలో అత్తామామలతో తానూ పోవాలి, అక్కడ గుండంలో మునిగి లేచి, తిరుగు బండి ఎక్కకుండా అన్న వెంట వెళ్ళిపోవాలి. అక్కడికి రమ్మని అన్నకు కబురు అందింది. ఇంక ఉన్నది పద్దెనిమిది రోజులు. ఆ పద్దెనిమిది రోజులూ ఎవరి నోటా మాట పొక్కకుండా గడిస్తే ఆ పిల్ల బతుకుతుంది.

మాట నా నోట పొక్కింది.

ఎద్దులకు లాడాలు కొట్టించే చోట నలుగురం కూర్చున్నాం. ఒక ఎద్దును పడవేసి కాళ్ళు కట్టారు, పని సాగుతోంది. "ఏమప్పా, కొత్త కథేం లేదా?" అన్నారు. నేను ఊరుకోలేకపోయాను. పేరు చెప్పలేదు. ఊరు మార్చి కడప పక్క ఒక పల్లె అన్నాను. మహానంది తీసేసి వేరే తిరునాళ్ళ పెట్టాను. అన్నను మేనమామ చేశాను. ఇంత జాగ్రత్త పడ్డానని లోపల సంతోషం కూడా. కథ రక్తి కట్టాలని, ఆ కోడలు విసురుతూ తన ఉపాయం చెప్పే ఘట్టంలో, నాలుకతో రాయి చప్పుడు చేసి చూపించాను. నాకు అనుకరణ బాగా వస్తుంది. నాలుగు చుట్లు. ఆగడం. మళ్ళీ నాలుగు చుట్లు.

ఊరు మార్చాను, పేరు దాచాను, తిరునాళ్ళ మార్చాను. చప్పుడు మార్చడం మరిచిపోయాను.

అందరూ నవ్వారు. ఎద్దు తల పట్టుకుని కూర్చున్నవాడు మాత్రం నవ్వలేదు. అతను చివరింటి పెద్దాయన దగ్గర జీతగాడు. అది నాకు అప్పుడు కనబడలేదు. మరునాడు నిద్ర లేచి వెనక్కు చూసుకుంటే కనబడింది.

ఆ మరునాటి నుంచి ఆ పిల్ల విసరడానికి రాలేదు. వాళ్ళ జొన్నలు బండి మీద పత్తికొండ పిండిమిషనుకు పోయాయి. మూడోరోజు మా వదిన చేట చంకన పెట్టుకుని చివరింటికి పోయింది. నేను దూరంగా వెనకే పోయాను. పెద్దాయన అరుగు మీద ఉన్నాడు. అతని వెనక తలుపు మూసి ఉంది.

"ఏమప్పా, మీ కోడలు గింజలు తేలేదే?"

"మిషను వచ్చింది గదమ్మా. ఇంగ నీ రాయితో పనేముండాది?"

"చెయ్యి బాగలేదేమో, ఒగసారి చూసిపోతా. పిలువు."

"బాగుండాది. ఇంట్లో ఉండాది. ఇంట్లోనే ఉంటాది." పెద్దాయన తుపుక్కున ఉమ్మాడు. "నీ రాయి కాడ పిండి కన్నా మాటలు మెత్తగా వస్తాయంట. మహానంది దాకా వినపడతాండాయి."

మా వదిన చేట రెండో చంకకు మార్చుకుంది. వెనక్కు తిరిగింది. నా పక్కనుంచి పోతూ ఆగింది. నా వంక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను, ఎండలో నిలబడి ఉన్నాం, ఇద్దరి నీడలూ కాళ్ళ కిందే ఉన్నాయి.

"మరిదీ, రెండు దినాలు మేకకు నీళ్ళు పెట్టు" అంది.

"యాడికి పోతాండావు వదినా?"

"పనుండాది."

ఆమె అంతవరకు బస్సు ఎక్కిన మనిషి కాదు. పత్తికొండ దాకా నడిచి, బస్సులో కర్నూలు పోయి, దిగినచోట దారి తెలియక డేరాల మధ్య తిరిగి, ఎవరో చెబితే ఇంకో బస్సెక్కి ఓర్వకల్లు చేరి, గుట్ట గుట్టకూ పోయి రాళ్ళు కొట్టేవాళ్ళను ఒక్కొక్కరినీ ఆ పేరుతో పిలిచి చూసిందట. పిల్ల ఇచ్చింది ఆ ఒక్క పేరే. ఊళ్ళోనే గ్రామ పెత్తనం చేసే రెడ్డి ఉన్నాడు, ఆయన గట్టిగా ఒక మాటంటే ఆ తలుపు తెరుచుకునేది. ఉపదేశి ఉన్నాడు. వాళ్ళెవరి పేరూ ఆ పిల్ల చెప్పలేదు. కాబట్టి మా వదిన వాళ్ళెవరికీ చెప్పలేదు.

నేనైనా ఆ రెండు రోజుల్లో రెడ్డి దగ్గరికి పోయి ఉండవచ్చు. నేను ఎవరికీ మాట ఇచ్చినవాణ్ణి కాదు, నన్ను కట్టేసేదేమీ లేదు. పోయి ఉంటే, నీకెట్లా తెలుసురా అని అడిగేవాడు. అది చెప్పుకోలేక మేకకు నీళ్ళు పెడుతూ ఇంట్లో కూర్చున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్నది ఆ రెండు రోజులే.

మూడోనాడు మధ్యాహ్నం ఆమె ఆ అన్నను వెంటబెట్టుకుని వచ్చింది. ఆ పిల్లను బావిలోంచి తీసింది ఆ పొద్దున్నే.

పోలీసులు వచ్చారు. హెడ్డు కానిస్టేబులు మా వదిన వాకిట్లో మంచం వేయించుకుని కూర్చున్నాడు.

"ఆ పిల్ల నీతో ఏం చెప్పింది?"

"గింజలు తెచ్చిందయ్యా, ఇసిరింది, పోయింది."

"రెండు నెలలు ఒట్టిగానే ఇసిరిందా? ఏమీ మాట్లాడుకోలేదా?"

"నేను మాట్లాడింది చెప్పమంటే చెప్తా. నాకు మోకాళ్ళ నొప్పులని చెప్పినా."

"సచ్చిపోయిన పిల్ల అమ్మా. ఇంగ దాచి ఏం లాభం?"

"సచ్చిపోయిందని ఆమె సొత్తు నాదవుతుందా నాయనా?" అంది.

ఆయన విసుక్కుని లేచాడు. బావి గట్టు జారుడుగా ఉందని రాసుకుని పోయినట్టు విన్నాం. ఊరు రెండు విధాలుగా మాట్లాడింది. లేచిపొమ్మని పిల్లకు బుద్ధులు చెప్పి మా వదినే పొట్టన పెట్టుకుందని కొందరు. ముందే తెలిసి నోరు మెదపలేదని కొందరు. రెడ్డి స్వయంగా వచ్చి, "నాకొక్క మాట చెప్పింటే తలుపు తీయించేవాణ్ణి గదమ్మా" అన్నాడు. అందరికీ ఏదో ఒక జవాబు చెప్పిన మనిషి, ఆ మాటకు మాత్రం చెప్పలేదు. చీపురు తీసుకుని, పిండి లేని చోట ఊడుస్తూ కూర్చుంది.

ఆ ఏడాది వానలు లేవు. ఆమె రాయి దగ్గరికి ఎవరూ రాలేదు. తన రెండు రొట్టెల పిండి తానే విసురుకునేది.

ఆరు నెలలకు నేను పోయి ఆ రాయి ముందు కూర్చున్నాను. పట్టపగలు. మా ఊళ్ళో మగవాడు విసుర్రాయి పట్టడమంటే చీర కట్టడంతో సమానం. దారిన పోయే ఆడవాళ్ళు ఆగి, "ఏమప్పా, ఎప్పుడు మారినావు కోడలుగా?" అని నవ్విపోయారు.

"గింజలు తెచ్చినావా?" అంది మా వదిన.

"లేదు."

కుండలోంచి పిడికెడు తీసి పోసింది. రాయి తిప్పకముందు అందరికీ చెప్పే షరతే నాకూ చెప్పింది. మరిది అని ఒక్క అక్షరం తగ్గించలేదు. తిప్పడం మొదలుపెట్టాం. ఎద్దు లాడాల చోట జరిగింది, నాలుకతో చేసిన చప్పుడు, రెండు రోజులు ఇంట్లో కూర్చోవడం, అన్నీ చెప్పాను. ఆమె నా ముఖంలోకి చూడలేదు. మాట ఆగినప్పుడల్లా గింజలు పోసింది. చివరికి నేను అడిగాను.

"నీకు తెలుసా వదినా?"

"ఆ గోడకు అవతల ఉండేది నువ్వొక్కడివే గదప్పా."

"మరి అడగలేదే?"

"నువ్వు చెప్పేదాకా అది నాకు చెప్పిన మాట కాదు గదా."

నా తప్పు పోతుందా అని అడిగాను. చిన్నపిల్లవాడిలా అడిగాను. ఆమె చాలా చుట్లు తిప్పింది.

"పోయిందని నేనెట్ల చెప్పేది? అది నాది కాదు. ఆ పిల్ల లేదు. వాళ్ళన్న ఉండాడు. ఆయప్పకు నువ్వే చెప్పల్ల. నేను చెప్పను."

ఆ రోజు ఆమె తన మాట కూడా ఒకటి నాకు చెప్పింది. ముప్పై ఏళ్ళలో ఆమె నాతో తన మాట చెప్పుకోవడం అదొక్కసారే. రెడ్డికి ఇవ్వని జవాబు అందులో ఉంది. దాన్ని ఇక్కడ రాయడం లేదు.

తర్వాత ఒకరొకరుగా ఆడవాళ్ళు మళ్ళీ వచ్చారు. మొదట వచ్చింది ఎవరో నాకు తెలియదు. నేను మంచం తీసి దొడ్లో వేసుకుని, గూటికి అడ్డంగా రాళ్ళు పేర్చి మట్టి మెత్తాను. మా వదిన వచ్చి ఆ పని చూసి, "సున్నం కూడా కొట్టు, బాగుంటాది" అని పోయింది. అంతకుమించి ఆ విషయం మా మధ్య రాలేదు. మళ్ళీ మునుపటిలాగే మేక గురించీ, నా సోమరితనం గురించీ తిట్టేది.

ఆ అన్న ఏడాదికొకసారి, చెల్లెలు పోయిన రోజుకు, ఆమెను చూడడానికి వచ్చేవాడు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయాక రాళ్ళ పని తగ్గి, పత్తికొండ దగ్గరే రోడ్డు పనిలో చేరాడు. మా వదినను పెద్దమ్మా అనేవాడు. వచ్చినప్పుడల్లా ఒకటే అడిగేవాడు, "ఆ మాట బయట పెట్టింది ఎవరు పెద్దమ్మా?" అని. ఆమె ఒకటే చెప్పేది, "అది నా మాట కాదు నాయనా." నేను ఆ రోజుల్లో ఏదో పని పెట్టుకుని వేరే ఊరు పోయేవాణ్ణి. తిరిగి వస్తే, చెప్పావా అని ఆమె అడిగేది కాదు. అడిగి ఉంటే బాగుండునని నాలుగేళ్ళు అనుకున్నాను.

మొన్న, నేను సగం గడ్డంతో ఊరు చేరేసరికి అతను నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. మాలో పూడ్చడమే ఆచారం. ఊరి బయట, రాతినేల తప్పించి కాస్త మట్టి ఉన్నచోట గుంత అతనే తవ్వాడు. ఆడవాళ్ళు చాలామంది వచ్చారు. ఏ ఊరివాళ్ళో నాకు తెలియనివాళ్ళు కూడా. మామూలుగా చావు దగ్గర ఆడవాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తారు. వీళ్ళు ఒకరికొకరు ఎడంగా, ఎండలో విడివిడిగా నిలబడ్డారు. నువ్వెవరు, ఆమె నీకేమవుతుంది అని ఒకరినొకరు అడగలేదు. ఒక్కొక్కరే వచ్చి పిడికెడు మట్టి వేసి, ఎవరి దారిన వాళ్ళు పోయారు.

అందరూ పోయాక మేమిద్దరమే మిగిలాం. అతను చేతిలో పార ఆనించుకుని, "పెద్దమ్మ చెప్పకుండానే పోయె చిన్నాయనా" అన్నాడు. "ఎవడో తెలియకుండానే నేనూ పోతానేమో."

"నేనే నాయనా" అన్నాను.

అతనికి అర్థం కాలేదు. మళ్ళీ చెప్పాను. ఎక్కడ చెప్పానో, ఎట్లా చెప్పానో, చప్పుడు చేసి చూపించిన సంగతి కూడా చెప్పాను. అతను నా ముఖం వైపు, గీసిన సగం, గీయని సగం, చాలాసేపు చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టి ఉంటే నేను ఈపాటికి దాన్ని కూడా ఒక కథ చేసి ఉండేవాణ్ణేమో.

అతను గుంత వైపు తిరిగి మట్టి లాగడం మొదలుపెట్టాడు. కొడుకులు లేని మనిషికి మరిది మట్టి వేయాలి. పక్కన పడి ఉన్న రెండో పార నేను తీసుకున్నాను. అతను వచ్చి దాన్ని నా చేతిలోంచి తీసుకున్నాడు. తీసుకుపోయి నాకు అందనంత దూరంగా, గుంతకు అవతలి గట్టున పెట్టాడు. తిరిగి వచ్చి తన పని చేసుకున్నాడు. పెద్ద పెళ్ళలు పారతో నలిపి, మెత్తగా చేసి, ఆమె ముఖం ఉన్న వైపు చేత్తో సర్దుతూ, ఒక్కడే పూడ్చాడు. పొద్దు వాలేదాకా నేను ఒట్టి చేతులతో అక్కడే నిలబడ్డాను.